మా వాడి జవాబులో అల్లూరి, భీమ్ ఢిల్లీలో కలిశారు: సినిమాని తిట్టాలా, మెచ్చుకోవాలా?

కూకట్‌పల్లి_నాన్న (మంగళవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈసారి ఆగలేకపోయాను.

మా వాడు ఎనిమిదో తరగతి. సోషల్ స్లిప్ టెస్టులో మన్యం తిరుగుబాటు గురించి రాయమని ఐదు మార్కుల ప్రశ్న వచ్చింది. ఎప్పుడూ మూడు లైన్లతో సరిపెట్టేవాడు ఈసారి ఏకంగా పేజీన్నర రాశాడు. మొదటి వాక్యమే "అల్లూరి సీతారామరాజు, కొమురం భీమ్ 1920లో ఢిల్లీలో ఒక బ్రిడ్జి దగ్గర కలుసుకున్నారు." ఆ తర్వాత "ఆర్.ఆర్.ఆర్." సినిమాలోని రైలు, మంటలు, గుర్రం, మోటార్ సైకిల్, పులి అన్నీ వరసగా ఉన్నాయి. చింతపల్లి మాత్రం లేదు. టీచర్ ఎర్ర పెన్నుతో పేజీకి అడ్డంగా గీత కొట్టి, కింద "ఇది సినిమా" అని రెండు ముక్కలు రాశారు. మార్కులు సున్నా.

ఇంట్లో పెద్ద గొడవైంది. సినిమాలు చూపించి పాడుచేస్తున్నానని మా ఆవిడ నన్ను తిట్టింది. సరే, అది మామూలే. వాడు ఏడుపు ఆపాక ఒక మాట అడిగాడు: "మరి నిజంగా ఏం జరిగింది నాన్నా?"

చెబుదామని నోరు తెరిచాను. నా తలలో ఉన్నది కూడా పాత "అల్లూరి సీతారామరాజు" సినిమాలో కృష్ణగారే. కాషాయం, గడ్డం, విల్లు, చివర్లో ఆ పాట. అంతకుమించి నాకూ ఏమీ తెలియదని అప్పుడే తెలిసింది. నాకైతే నలభై నాలుగేళ్లు.

నా ప్రశ్న ఇదే. పిల్లలు సినిమాల ద్వారా చరిత్ర నేర్చుకోవడం మంచిదా, చెడ్డదా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

---

సూటిగా_సుత్తిలేకుండా

సున్నా తక్కువ. పులి స్పెల్లింగ్ కూడా తప్పుంటే మైనస్ వేయాలి.

సీరియస్‌గా చెప్పాలంటే, మూడొందలు పెట్టి టికెట్ కొన్నది వినోదానికి. దానికి చరిత్ర పాఠం ఫ్రీగా రావాలంటే ఎలా బాసూ? అది కల్పన అని సినిమావాళ్లే ముందు కార్డు వేశారు కదా.

---

సోషల్_సార్_ఆసిఫాబాద్

కూకట్‌పల్లి గారూ, ఆ టీచర్ కోపం నాకు అర్థమవుతుంది కానీ సున్నా వేసుండకూడదు. నేనైతే ఒక మార్కు ఇచ్చి మిగతా నాలుగు మార్కులకి మళ్లీ రాయమనేవాణ్ణి. పేజీన్నర రాసే పిల్లాడు దొరకడం మాకు ఎంత కష్టమో మీకు తెలియదు.

నేను ఆసిఫాబాద్ వైపు సర్కారు బడిలో సోషల్ చెబుతాను. 2022లో ఆ సినిమా వచ్చినప్పుడు మా తరగతిలో జరిగింది చెబుతాను. మా దగ్గర సగం మంది గోండు పిల్లలు. వాళ్లకి భీమ్ అంటే సినిమా హీరో కాదు. ఏటా ఆశ్వయుజ పున్నమికి అమ్మానాన్నలతో కలిసి జోడేఘాట్ కొండకి వెళ్లి దండం పెట్టుకునే మనిషి. అలాంటి పిల్లలు సినిమా చూసొచ్చి, భీమ్‌కి ముస్లింల టోపీ ఎందుకు పెట్టారు సార్ అని నన్ను నిలదీశారు. కథలో మారువేషం అని చెప్పాను. సగం మంది ఒప్పుకున్నారు, సగం మంది ఇప్పటికీ ఒప్పుకోలేదు.

అప్పుడు బోర్డు మీద మూడు గడులు గీశాను. సినిమాలో ఉంది, తాత చెప్పాడు, పుస్తకంలో ఉంది. ఒక్కొక్కరూ వచ్చి ఒక్కో విషయం రాసి టిక్కు పెట్టాలి. ఒక పిల్లాడు "పులి" అని రాసి మొదటి రెండు గడుల్లోనూ టిక్కు పెట్టాడు. వాళ్ల తాత పులిని చూశాడట. ఇంకో పాప "పన్ను" అని రాసి రెండు, మూడు గడుల్లో టిక్కు పెట్టి, మొదటి గడి ఖాళీగా వదిలేసింది. ఆ రోజు పాఠమంతా ఆ ఖాళీ గడి మీదే నడిచింది.

ఎందుకంటే అసలు కథంతా ఆ పన్నులోనే ఉంది. భీమ్ పోరాడింది నేరుగా తెల్లవాళ్లతో కాదు, నిజాం సర్కారుతో. అడవిలో పశువులు మేపితే పన్ను. కట్టెలు తెచ్చుకుంటే పన్ను. పోడు కొట్టుకుంటే అది రిజర్వు ఫారెస్టు అని గుడిసెలు తగలబెట్టడం. పన్నెండు ఊళ్ల గోండులు, కోలాములు కలిసి మా భూమి మాకు కావాలన్నారు. 1940లో జోడేఘాట్‌లో పోలీసుల తూటాలకి భీమ్ చనిపోయాడు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వానికి అసలు ఈ కొండల్లో ఏం జరుగుతోందో కనుక్కోవాలనిపించింది. హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పరిశోధకుణ్ణి పంపించింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టాడు, గోండు పిల్లలకి చదువు మొదలుపెట్టించాడు. ఆయన భార్య సమాధి ఇప్పటికీ మార్లవాయిలోనే ఉంది. ఊరివాళ్లు ఈరోజుకీ ఆ ఇద్దర్నీ తలుచుకుంటారు.

ఇంకో సంగతి. సినిమా చివర్లో భీమ్ చదువు కావాలని అడుగుతాడు. మా పిల్లలు చెప్పుకునే కథలో భీమ్ ఊరొదిలి చాందాకి పారిపోయి, అక్కడ ఒక ప్రెస్సులో పనిచేస్తూ అక్షరాలు నేర్చుకున్నాడు. అంటే ఎవరినీ అడక్కుండానే నేర్చుకున్నాడు. ఈ తేడా చూపించింది మా తరగతిలో ఒక ఆడపిల్ల. నేను కాదు.

---

పాతరీలు

సోషల్ సార్‌కి దండం.

కూకట్‌పల్లి గారూ, మీరు కృష్ణగారి సినిమా మాటెత్తారు కాబట్టి చెబుతున్నా. ఇప్పుడు మనమందరం "ఆ రోజుల్లో అయితే చరిత్రని చరిత్రలా తీశారు" అని గుండెలు బాదుకుంటాం. 1974 మే 1న విడుదలైన ఆ సినిమాలో కూడా కల్పన బోలెడు. విజయనిర్మల వేసిన సీత పాత్ర, ఆ పెళ్లి ఊహల పాట, ఇవన్నీ కథ కోసం పెట్టుకున్నవే. కానీ కృష్ణకి అది నూరో సినిమా. దర్శకుడు వి. రామచంద్రరావు షూటింగ్ మధ్యలోనే చనిపోయారు, మిగతాది వేరేవాళ్లు పూర్తి చేశారు. అందులో పాటకి శ్రీశ్రీకి జాతీయ అవార్డు వచ్చింది. యాభై ఏళ్లుగా మనిషి మొహం గుర్తుండేలా చేసింది ఆ సినిమాయే. అచ్చు మీ తలలో ఉన్నట్టే.

ఇక అసలు సంగతి మీ వాడికి చెప్పండి. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయానికి అడ్డుపడింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్లని రోడ్డు పనికి తోలి, కూలి సరిగ్గా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్ల మీద పడ్డాడు అల్లూరి. మొత్తం ఇరవై ఆరు తుపాకులు. ఏం పట్టుకెళ్లాడో స్టేషన్ డైరీలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు. మీ వాడికి బ్రిడ్జి కింద మంటలకన్నా ఈ సంతకం నచ్చకపోతే నన్ను అడగండి.

---

సూటిగా_సుత్తిలేకుండా

సంతకం సంగతి నాకు తెలీదు. ఒప్పుకుంటున్నా, అది సినిమా సీన్‌కన్నా బాగుంది.

---

జనగామ_పిల్ల

నాకు ఈ చర్చ చాలా దగ్గరగా అనిపించింది. మా అవ్వ సంగతి చెబుతాను. కొంచెం పొడుగవుతుంది, క్షమించండి.

మాది జనగామ దగ్గర ఊరు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. మా అవ్వకి ఎనభై ఏడో, తొంభయ్యో, సరిగ్గా ఎవరికీ తెలియదు. లాక్‌డౌన్‌లో ఇంటి దగ్గరే ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం లాప్‌టాప్‌లో తెలంగాణ రైతుల పోరాటం మీద తీసిన "మా భూమి" సినిమా పెట్టుకుని చూస్తున్నాను. కాలేజీలో ఎవరో చూడమంటే డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నది. అవ్వ పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఆమెకి కళ్లు సరిగ్గా కనబడవు, చెవులు మాత్రం బాగా వినబడతాయి.

"బండెనక బండి కట్టి" పాట మొదలవగానే అవ్వ చేతులు ఆగిపోయాయి. గద్దర్ గొంతు అని నేను చెప్పబోయాను. అవ్వ వినలేదు. పాట అయిపోయేదాకా కదలకుండా కూర్చుంది. తర్వాత "మళ్ల పెట్టు" అంది. మళ్లీ పెట్టాను. మూడోసారికి తనే పాడింది, కొన్ని చోట్ల వేరే మాటలతో. వాళ్ల ఊళ్లో దొర పేరు పెట్టి పాడేవాళ్లట.

ఆ రోజు అవ్వ నాకు చెప్పినవి అంతకుముందు ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కటీ చెప్పలేదు. గడి, అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు, దాని ముందు నుంచి పోవాలంటే చెప్పులు విప్పి చేతిలో పట్టుకునేవాళ్లు. వాళ్లమ్మ బాలింతగా ఉన్నప్పుడు కూడా దొరగారి పొలంలో నాట్లకి రావాల్సిందేనని మనిషిని పంపించారు. ఇంట్లో పండగకి మేకని కోస్తే ముందు గడికి తలకాయ వెళ్లాలి. నేను అడిగాను, సినిమాలో దొర అరుస్తున్నట్టు మీ దొర కూడా అరిచేవాడా అని. అవ్వ నవ్వింది.

"మా దొర ఒక్కనాడు ఒర్రలేదు బిడ్డా. ఒర్రే పని పడలేదు."

నేను సినిమా అక్కడే ఆపేశాను. ఆ ఒక్క మాట ఏ సినిమాలోనూ లేదు. కానీ ఆ సినిమా పెట్టకపోతే ఆ మాట నాకు దొరికేది కాదు.

మా ఊళ్లో ఆ గడి ఇంకా ఉంది. సగం గోడలు పడిపోయాయి. నేను చిన్నప్పుడు ఆ ముందు ఖాళీ జాగాలో మా అన్నలతో క్రికెట్ ఆడేదాన్ని. చెప్పులు వేసుకునే.

---

డల్లాస్_బావ

జనగామ చెల్లెమ్మా, చదివి కాసేపు పనిచేయలేకపోయాను.

ఆ సినిమా మీద నాదొక చిన్న డౌటు. అది పాత నాటకం "మా భూమి"కి సినిమా రూపం కదా? మా నాన్నగారు కాలేజీలో ఆ నాటకంలో వేషం వేశారట.

---

పాతరీలు

చాలామంది అలాగే అనుకుంటారు. పేరొకటే, కథ వేరు. నాటకం సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసింది, 1947 నాటిది, దాని వెనక ఉన్నది బందగి కథ. సినిమాకి మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల "జబ్ ఖేత్ జాగే". దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ ఆయన, ఆయనకి అదే మొదటి పెద్ద సినిమా. వెనక నిలబడ్డది బి. నర్సింగరావు. తర్వాత ఆయనే 1988లో "దాసి" తీశారు, అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి, అర్చనకి ఉత్తమ నటి అవార్డు కూడా. గడి లోపల ఆడవాళ్ల బతుకు ఎలా ఉండేదో తెలియాలంటే అది చూడాలి. అందులో మాటలు చాలా తక్కువ. జనగామ గారి అవ్వ చెప్పిన "ఒర్రే పని పడలేదు" అన్నది ఆ సినిమాలో నిశ్శబ్దంగా కనబడుతుంది.

ఆలోచించండి, ఒక ఉర్దూ రచయిత, ఒక బెంగాలీ దర్శకుడు, తెలంగాణ పాట. మన జ్ఞాపకం మన దగ్గరే ఉంటుందని గ్యారంటీ ఏమీ లేదు.

---

డల్లాస్_బావ

థాంక్స్. నాన్నగారికి చెబితే "నాకు తెలుసులే" అన్నారు. తెలియదని నాకు తెలుసు.

ఇక్కడ మా పిల్లల పరిస్థితి చెబుతాను. ఆదివారం తెలుగు బడిలో అక్షరాలు, శతక పద్యాలు నేర్పిస్తాం. చరిత్ర ఎవరూ నేర్పరు. ఉన్నదల్లా సినిమాయే. మా అమ్మాయికి పదకొండేళ్లు. నిజాం అంటే ఒక బ్రిటిష్ ఆఫీసర్ అనుకుంది. మొన్న "నిజాం మంచోడా చెడ్డోడా?" అని అడిగింది. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో పెట్టింది ఆయనే, ఉస్మానియా ఆస్పత్రీ ఆయన కాలంలోదే, వెట్టి నడిచిందీ ఆయన పాలనలోనే, రజాకార్లు చెలరేగిందీ ఆయన ఉండగానే అని చెప్పాను. "ఒకటి చెప్పు డాడీ" అంది. సినిమాలో అయితే ఒకటే ఉంటుంది కదా, దానికి అలవాటు పడింది.

---

(ఈ వ్యాఖ్యను నిర్వాహకులు తొలగించారు)

---

వేదిక_నిర్వాహకుడు

ఒక మతం వాళ్లందరినీ ఒకే గాట కట్టి రాసిన వ్యాఖ్యను తీసేశాం. రజాకార్ల గురించి రాయండి, ఎంత గట్టిగానైనా రాయండి. కానీ పక్కింటివాళ్ల గురించి కాదు. రెండోసారి చెప్పం.

---

జనగామ_పిల్ల

తీసేయకముందు నేను చదివాను. దానికి జవాబు చెప్పకుండా వదలబుద్ధి కావట్లేదు.

పాతరీలు గారు పైన బందగి అన్నారు కదా. ఆయన పూర్తి పేరు షేక్ బందగి. మా పక్క కామారెడ్డిగూడెం మనిషి. విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కోర్టుకెక్కి, కొట్లాడి, చివరికి హత్యకి గురయ్యాడు. మా వైపు ఆయన సమాధి దగ్గరకి అన్ని మతాలవాళ్లూ పోతారు. అదే దేశ్‌ముఖ్ మీద తర్వాత పాలకుర్తిలో చాకలి ఐలమ్మ నిలబడింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకి పడిపోయింది కూడా ఆ గడి మనుషుల చేతిలోనే. ఇంకొకరు షోయబుల్లాఖాన్. "ఇమ్రోజ్" పత్రిక సంపాదకుడు. రజాకార్లని తన పేపర్లో తిట్టినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్ నడిబొడ్డున రజాకార్లే చంపేశారు. రాసిన చెయ్యిని నరికారు.

సినిమాల్లో వీళ్లు ఎంతమంది కనబడ్డారు? రజాకార్ల మీద వచ్చిన సినిమాల్ని తప్పు పట్టను, భైరాన్‌పల్లిలో రజాకార్లు ఊరివాళ్లని ఎలా చంపారో మా వైపు ఎవరూ మర్చిపోలేదు. కానీ ఒక సినిమాలో ఎవరు లేరో చూడటం కూడా పిల్లలకి నేర్పాలి. డల్లాస్ అన్నా, మీ అమ్మాయికి బందగి కథ చెప్పండి. "ఒకటి చెప్పు" అని అడగడం కొంచెం తగ్గుతుందేమో.

---

సోషల్_సార్_ఆసిఫాబాద్

జనగామ మేడం, ఇది రేపు మా తరగతిలో చెబుతాను. మూడు గడులకి నాలుగోది కలుపుతున్నా: "సినిమాలో లేనివాళ్లు".

---

సాగరతీరం

వైజాగ్ నుంచి. యుద్ధాల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నా వంతు.

2017లో "ఘాజీ" సినిమా వచ్చాక ఆర్.కె. బీచ్‌లో కురుసురా సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర పిల్లల సందడి పెరిగిందని నాకు అనిపించింది. నేను రోజూ పొద్దున అటే నడుస్తాను. అంతకుముందు లోపల తిరిగొచ్చిన పిల్లలు "ఇరుకుగా ఉంది, వేడిగా ఉంది" అనేవాళ్లు. సినిమా తర్వాత "టార్పెడో ఎక్కడ?" అని వెతుక్కుంటూ వస్తున్నారు.

అసలు కథ వేరే. ఆ సినిమాలో రెండు సబ్‌మెరైన్లు నీళ్ల కింద తలపడతాయి. అది కల్పన. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన హార్బర్ బయట మునిగిపోయింది. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ అనే మన ఓడ వేసిన డెప్త్ చార్జీల (నీళ్ల లోపల పేలే బాంబుల) వల్లే అని మన నేవీ అంటుంది. లోపలే ఏదో పేలిందని పాకిస్తాన్ అంటుంది. తొంభై మందికి పైగా అందులోనే జలసమాధి అయ్యారు.

మా నాయనమ్మ కథలో ఇవేవీ లేవు. ఆ రాత్రి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. దీపాలు వెలిగించకూడదు కాబట్టి చీకట్లోనే ఇంట్లోవాళ్లని పేరుపేరునా పిలిచి లెక్క చూసుకుంది. ఒకరు తక్కువ వచ్చారు. మా చిన్నాన్న మంచం కింద దూరాడు. ఇంతే ఆవిడకి తెలిసిన 1971 యుద్ధం. థియేటర్లో మా అబ్బాయి పక్కన కూర్చుని నేను ఆ మంచం గురించే ఆలోచించాను.

---

కోయిలకుంట్ల_కుర్రోడు

మా ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని మర్చిపోయారు అందరూ.

ఆయన మీద సినిమా 2019లో వచ్చింది కానీ మాకు అంతకుముందే తెలుసు సామీ. మా తాత బుర్రకథలో విన్నాడు, పాటల్లో విన్నాడు. మాకు సినిమా కొత్తగా చెప్పిందేమీ లేదు, బయటివాళ్లకి మాత్రం మా ఊరి పేరు తెలిసింది. అంతకుముందు కాలేజీలో "మాది కోయిలకుంట్ల" అంటే "ఎక్కడ?" అనేవాళ్లు.

ఒక్కటి చెప్పాలి. సినిమా అంటే మొదటినుంచీ దేశం కోసమే అన్నట్టు చూపిస్తారు. మా తాత చెప్పేది: మొదలైంది తవర్జీ, అంటే భరణం దగ్గర. కుంఫిణీవాళ్లు (ఈస్టిండియా కంపెనీ) పాళెగాళ్ల భూములు లాక్కుని నెలకి పదకొండు రూపాయల చిల్లర భరణం పడేశారు. దాన్ని తీసుకోవడానికి వెళ్లిన మనిషిని అవమానించారు. అక్కణ్ణుంచి రాజుకుంది. 1846లో తిరగబడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న ఉరి తీశారు. తలని కోట బురుజుకి 1877 దాకా వేలాడదీసి ఉంచారు. ముప్పై ఏళ్లు! ఊళ్లో పుట్టిన పిల్లలు ఆ తలని చూస్తూ పెద్దవాళ్లయ్యారు. నాకు సినిమాలో యుద్ధాలకన్నా ఈ ముప్పై ఏళ్లే ఎక్కువ భయం పుట్టిస్తాయి.

పదకొండు రూపాయలు అని చెబితే నరసింహారెడ్డి చిన్నవాడు అయిపోడు. నాకైతే ఇంకా దగ్గరవాడు అనిపిస్తాడు. మనకి కూడా కోపం అలాంటి చోట్లే వస్తుంది కదా, ఆఫీసులో కౌంటర్ దగ్గర.

---

సూటిగా_సుత్తిలేకుండా

నేను మొదట్లో వెటకారం చేశాను కాబట్టి ఇప్పుడు సీరియస్‌గా ఒకటి.

పాతరీలు గారి పోస్టు చదివాక నిన్న రాత్రి మన్యం గురించి పాత పుస్తకం ఒకటి తీశా. మా నాన్నది, చెదలు తినగా మిగిలింది. అందులో గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ముల గురించి ఉంది. రాజుతో పాటు ముందు నడిచింది వాళ్లే, ఆ కొండలు వాళ్లవి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుని కాల్చేశాక కొద్ది వారాల్లోనే గంటందొర కూడా పోయాడు. మల్లుదొర దొరికిపోయి జైలుశిక్ష అనుభవించి బయటికొచ్చాడు. తర్వాత ఏమయ్యాడో తెలుసా? 1952లో మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి గెలిచాడు! పోలీస్ స్టేషన్ మీద పడ్డ మనిషి పార్లమెంటులో కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు తిరగకుండానే.

ఇంత కథ పెట్టుకుని పులులతో ఫైట్ ఎందుకండీ? నాకు సినిమా అంటే కోపం రాలేదు, మనకి ఒక్క హీరోనే చాలు అన్న అలవాటు మీద కోపం వచ్చింది. హీరో ఒక్కడే అయితే మిగతా కొండవాళ్లంతా వెనక నిలబడి డప్పు కొట్టడానికే ఉంటారు.

---

పాతరీలు

ఈ మార్పుకి సంతోషం.

చారిత్రక సినిమాల గురించే మాట్లాడుతున్నాం కానీ, గతాన్ని భద్రంగా ఉంచేది అవి ఒక్కటే కాదు. 1955 నాటి "మిస్సమ్మ" చరిత్ర సినిమా కాదు. అయినా డిగ్రీ చేతిలో పెట్టుకుని ఉద్యోగం దొరకని రోజులు ఎలా ఉండేవో అందులో తెలుస్తుంది. 1938 "మాలపిల్ల" ఆనాటి అంటరానితనం గొడవని ఆనాడే చూపించింది. మరుసటి సంవత్సరం అదే గూడవల్లి రామబ్రహ్మం "రైతుబిడ్డ" తీస్తే జమీందార్లు ఊరుకోలేదు, అడ్డుకున్నారు. అవి తీసినప్పుడు వర్తమానం. మనకి చరిత్ర.

అసలు బాధ ఏంటంటే, సగం పోయాయి. మన మొదటి టాకీ "భక్త ప్రహ్లాద" 1932లో వచ్చింది. ఇవాళ చూద్దామంటే ప్రింటు లేదు. రఘుపతి వెంకయ్య గారి కుటుంబం తీసిన "భీష్మ ప్రతిజ్ఞ" కూడా లేదు. ఆ రోజుల్లో ఫిల్ము తొందరగా అంటుకునేది, లేకపోతే చెమ్మకి జిగురులా కరిగిపోయేది. మిగిలినవాటిని కరిగించి వెండి తీసుకున్నవాళ్లు ఉన్నారు. పుణెలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో గానీ రాలేదు. అప్పటికి మనవి ఎన్నో బూడిదయ్యాయి.

నేను చిన్నప్పుడు టూరింగ్ టాకీస్ ఆపరేటర్ దగ్గర తెగిపోయిన ఫిల్ము ముక్కలు అడుక్కుని తెచ్చుకునేవాణ్ణి. ఒక ముక్కలో ఒకావిడ తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. నాలుగు ఫ్రేములు. ఏ సినిమానో ఇప్పటికీ తెలియదు. బీరువాలో ఉంది.

---

డల్లాస్_బావ

స్కాన్ చేసి పెట్టండి సార్, ఇక్కడ ఎవరైనా గుర్తుపడతారేమో.

---

పాతరీలు

పెడతాను. లైటు కింద పట్టుకుంటే చీర అంచు కూడా కనబడుతుంది.

---

కూకట్‌పల్లి_నాన్న (శనివారం, రాత్రి 10:15)

నాలుగు రోజులు బిజీగా ఉండి రాలేకపోయాను. ఇప్పుడు అన్నీ కూర్చుని చదివాను. ఎవరికి థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు.

మా వాడికి సంతకం సంగతి చెప్పాను. "స్టేషన్ దోచుకుని సంతకం పెట్టాడా?" అని మూడుసార్లు అడిగాడు. తర్వాత మల్లుదొర సంగతి చెప్పాను. ఎంపీ అయ్యాడంటే నమ్మలేదు, ఫోన్లో చూపించాల్సొచ్చింది. సోమవారం ఆ టీచర్‌ని అడిగి మళ్లీ రాస్తానన్నాడు. మార్కులు ఇచ్చినా ఇవ్వకపోయినా సరే అన్నాడు, అది అబద్ధమని మా ఇద్దరికీ తెలుసు.

అదలా ఉంచితే, నాకు ఇంకో సాయం కావాలి. జనగామ గారి పోస్టు చదివాక మా అమ్మమ్మ గుర్తొచ్చింది. తొంభై దాటింది. తూర్పుగోదావరిలో మా మామయ్య దగ్గర ఉంటుంది. స్వాతంత్ర్యం వచ్చిన రోజు ఊళ్లో ఏం జరిగిందో ఆమెకి గుర్తుందని మా అమ్మ చెబుతుంటుంది. రేపు ఆదివారం మేమంతా వెళ్తున్నాం. మా వాడు ఫోన్లో రికార్డ్ చేస్తానంటున్నాడు. కానీ ఆవిడ ఫోన్ చూస్తే బిగుసుకుపోతుంది. "నాకేం గుర్తులేదురా" అనేస్తుంది. ఎలా అడగాలి?

---

సాగరతీరం

ప్రశ్నలు రాసుకుని వెళ్లకండి. "ఆగస్టు పదిహేనున ఏం జరిగింది?" అని అడిగితే బడిలో పరీక్షలా ఉంటుంది. "ఆ రోజు ఇంట్లో ఏం వండారు?" అని అడగండి.

---

సోషల్_సార్_ఆసిఫాబాద్

పాత సినిమా పాట ఒకటి పెట్టండి ముందు. ఆవిడ పెళ్లినాటిది.

---

జనగామ_పిల్ల

అన్నా, ఫోన్ ఎదురుగా పెట్టకండి. పళ్లెం పక్కన బోర్లించి పెట్టండి, రికార్డింగ్ నొక్కి. మాట బాగానే వస్తుంది, నేను అలాగే చేశాను. ఇంకోటి, ఆవిడ చేతులు ఖాళీగా ఉంచకండి. ఏదైనా పని ఇవ్వండి.

---

కూకట్‌పల్లి_నాన్న

మా అత్తయ్యకి ఇప్పుడే ఫోన్ చేశాను. ఇంట్లో కొత్త చింతపండు రెండు కేజీలు ఉందట, గింజలు తీయాల్సింది. రేపటిదాకా ముట్టుకోవద్దని చెప్పాను. ఎందుకని అడిగింది. వచ్చాక చెబుతానన్నాను.